ఒక పొడుగు, మూడు పొట్టి

“ఫోన్ ఇంకాస్త దగ్గర పెట్టు పిన్నీ. ఊపిరి బిగబట్టు. ఆఁ, ఇప్పుడు బటన్ నొక్కు.”

డాక్టరు కళ్ళు మూసుకున్నాడు. అతను మనుషుల డాక్టరు కాదు, కంప్యూటర్లు బాగుచేస్తాడు. షాపు ముందు ‘చెవితోనే రోగం చెప్పబడును’ అని బోర్డు పెట్టిన రోజు నుంచి వీధంతా అలాగే పిలుస్తోంది. మదర్‌బోర్డు కూత వింటే చాలు, జబ్బేమిటో చెప్పేస్తాడు. ఇంకో నిమిషం వింటే దాని జాతకం కూడా చెప్తాడని ప్రచారం. ఆ ప్రచారం అతనే చేసుకున్నాడు.

ఫోన్‌లో వినిపించింది. బీ...ప్. బీప్, బీప్, బీప్.

“ప్లగ్గు లాగెయ్!”

“లాగేశాన్రా.”

“ఒక పొడుగు, మూడు పొట్టి. మెమొరీ పడలేదు.”

“మళ్ళీనా? ఇది మూడో మెమొరీ! ఆడపిల్లకి కూడా ఇన్ని సంబంధాలు చూడరు కదరా!”

పిన్ని ఇంట్లో కూర్చుని పుస్తకాలకి ప్రూఫులు దిద్దుతుంది. ఆవిడ కంప్యూటర్‌ని పేజీ తిప్పమంటే, అది కాసేపు కునుకు తీసి తిప్పేది. మెమొరీ పెంచితే చురుగ్గా ఉంటుందని ఎవరో చెప్తే, అక్క కొడుకే కదా అని షాపుకొచ్చింది. డాక్టరు మదర్‌బోర్డు మొహం కూడా చూడకుండా, ఎనిమిది జీబీల ముక్క ఒకటి చేతిలో పెట్టాడు. “పెట్టి చూడు పిన్నీ, గుర్రంలా పరిగెడుతుంది” అన్నాడు.

ఆ మదర్‌బోర్డు ఒక్కో గాడిలో నాలుగు జీబీలకి మించి మొయ్యలేదు. గుర్రం పరిగెత్తలేదు, కూసింది. డాక్టరు ఫోన్ రెండు గంటలపాటు బిజీగా ఉంది. ఆ రెండు గంటలూ కంప్యూటర్ ఆపకుండా కూస్తూనే ఉంది. చివరికి ఫోన్ కలిశాక డాక్టరు ఒక చట్టం చేశాడు. “కూత వినిపిస్తే క్షణం కూడా ఆగొద్దు. ప్లగ్గు లాగెయ్. లేకపోతే మదర్‌బోర్డు మాడి మసైపోతుంది.”

నిజానికి మాడదు. కానీ డాక్టరన్నాక కాస్త భయపెట్టాలి.

తర్వాత నాలుగు జీబీల ముక్క వేశాడు. ముక్క అంచునుండే గాటు సరిపోయింది, వోల్టేజీ సరిపోయింది, షాపులో మూడు గంటలు చక్కగా నడిచింది. పిన్ని ఇంటికి తీసుకెళ్ళి బటన్ నొక్కితే కూత. మూడోసారి, మదర్‌బోర్డు తయారుచేసినవాళ్ళు ఇచ్చిన, దానికి నప్పే మెమొరీల జాబితా అంతా వెతికి, ఒకే ప్యాకెట్లో పుట్టిన కవలల్ని తెచ్చాడు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా షాపులో కిక్కురుమనలేదు. ఇంట్లో కూత. ఆఖరికి పాత మెమొరీ పెట్టినా అదే కూత. మదర్‌బోర్డు అలిగిందని డాక్టరు తేల్చాడు.

“అలకా లేదు, గిలకా లేదు” అంది పిన్ని. “రేపు సాయంత్రానికి మూడొందల పేజీలు ఇవ్వాలి. నీవల్ల కాదంటే చెప్పు, ఎదురు షాపుకి ఇచ్చేస్తాను.”

డాక్టరుకి గుండెలో కూడా ఒక పొడుగు, మూడు పొట్టి మోగాయి.

“ఎదురు షాపా! వాడు మెమొరీని నోటితో ఊది పెడతాడు పిన్నీ!”

“ఊదితే పనిచేస్తోందటగా.”

“రేపు నేనే మీ ఇంటికొస్తాను. అక్కడ నడవలేదంటే నా షాపు బోర్డు దింపి, వాడికే మోసుకెళ్ళి ఇచ్చేస్తాను. సరేనా?”

“నువ్విచ్చేవి ఎవరికీ అచ్చిరావురా. పోయినేడు మాట్లాడే చిలకంటూ ఒకదాన్ని తెచ్చావా? ఇంతవరకూ ఒక్క మాట లేదు. నువ్విచ్చిన చిలక నోరు తెరవదు, నువ్విచ్చిన మెమొరీ నోరు మూయదు.”

“దానికి ఆలోచన ఎక్కువ పిన్నీ.”

“వచ్చేటప్పుడు కాలింగ్ బెల్ కూడా చూడు. రోజుకి పదిసార్లు మోగుతుంది. తలుపు తీస్తే ఎవరూ ఉండరు.”

“వైరింగ్‌లో తేమ.”

“ఎండలు మండిపోతుంటే తేమేంట్రా?”

“లోపలి తేమ.”

ఇళ్ళకి వెళ్ళి వైద్యం చేయనన్న నియమాన్ని డాక్టరు మొదటిసారి తప్పాడు. మర్నాడు పొద్దున్నే పిన్ని గదిలో కాళ్ళు మడుచుకుని కూర్చున్నాడు. చుట్టూ ప్రూఫుల గుట్టలు. టేబుల్ పక్కన పంజరంలో చిలక, రిటైరైన పెద్దమనిషిలా ఒంటికాలి మీద కునుకుతోంది.

మెమొరీ అంచుల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్దాడు. గాడిలో పెట్టి నొక్కాడు. రెండు వైపులా క్లిప్పులు టిక్కుమన్నాయి. మూత బిగించాడు. మదర్‌బోర్డుకి మనసులో ఒక దండం కూడా పెట్టాడు.

“నడుస్తుందంటావా?” అంది పిన్ని గుమ్మంలో నిలబడి.

“నడవకపోతే ఏం జరుగుతుందో తెలుసుగా.”

“తెలుసు. నిచ్చెన మా ఇంట్లోనే ఉంది, పట్టుకెళ్ళు.”

ప్లగ్గు పెట్టకముందే బటన్ ఒకసారి నొక్కి, లోపల మిగిలిన కరెంటు దింపేయడం డాక్టరు పద్ధతి. బటన్ టక్కున నొక్కి, వైరు పట్టుకుని, గోడకున్న సాకెట్ కోసం టేబుల్ కిందికి దూరాడు.

బీ...ప్. బీప్, బీప్, బీప్.

“లాగెయ్ పిన్నీ! మాడిపోతుంది, లాగెయ్!”

ఆ అరుపుతో లేవబోయి, తల టేబుల్‌కి కొట్టుకున్నాడు. పిన్ని వంగి టేబుల్ కిందికి చూసింది.

“ఏం లాగమంటావురా? ప్లగ్గు నీ చేతిలోనే ఉందిగా.”

డాక్టరు ప్లగ్గు వైపు చూశాడు. ఖాళీ సాకెట్ వైపు చూశాడు. జీవితంలో మొదటిసారి తన చెవిని తడుముకున్నాడు.

అంతలో పంజరంలోంచి కాలింగ్ బెల్ మోగింది.