పెదవికి సోయి

కరీంనగర్‌లో పళ్ల డాక్టర్ దూదితో జగపతిరావు కింది పెదవిని నిమిరాడు.

"తాకితే తెలుస్తుందా సార్? పెదవికి సోయి వచ్చిందా?"

"రాలే," అన్నాడు జగపతిరావు.

దవడలో స్క్రూ బిగించి కొత్త పన్ను పెట్టించుకున్నప్పటి నుంచి ఇదే జవాబు. వేడి తెలియక మూతి కాల్చుకుంటారు, జాగ్రత్త అని డాక్టర్ అప్పుడే చెప్పాడు. ఆనాటి నుంచి భార్య జానకీబాయి పక్కన కూర్చుని, ఆయన తాగే ప్రతి చాయ్‌నీ ఊది ఇస్తోంది. ఆ సంగతి డాక్టర్‌కూ తెలుసు.

"స్క్రూ నరాన్ని ఒత్తుతున్నట్టుంది. తీసేద్దాం," అంటూ డాక్టర్ మత్తుసూది అందుకున్నాడు.

జగపతిరావు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు గానీ మాట మార్చలేదు.

"జర ఆగుండ్రి డాక్టర్ సాబ్," అంది పక్కనే నిలబడ్డ జానకీబాయి. "పెదవికి సోయి ఎప్పుడో వచ్చింది. మొన్న ఈగ వాలితే టక్కున కొట్టుకున్నరు."

జగపతిరావు పైకప్పుకేసి చూడసాగాడు.

"మరి ఇంకా చాయ్ ఎందుకు ఊదుతున్నరమ్మా?" అన్నాడు డాక్టర్.

జానకీబాయి కొంగు సర్దుకుంది.

"పెండ్లయినప్పటి సంది చాయ్ బైట దోస్తులతోనే తాగిన్రు. ఇంట్ల పెండ్లామున్నదన్న సోయి గీయనకు గిప్పుడే వచ్చింది. ఊదుడు బంద్ పెడితే గా సోయి మల్ల పోతది."