ఐదు గంటల తాళం

రామబ్రహ్మం అనే పెద్దాయన కింద కూర్చున్నారని రిసెప్షన్ నుంచి దివ్య ఫోన్ చేసింది.

ఆ పేరు వినగానే నర్సింలు చేతిలోని కాఫీ బల్ల మీద పెట్టేశాడు.

"ఎవరు? యూనివర్సిటీ నుంచేనా?"

అవునంది. కంపెనీ తీసేస్తున్న పాత కంప్యూటర్ల గురించి మాట్లాడాలట.

"కూసోనియ్యి. లంచ్ అయినంక చూస్తా."

అప్పటికింకా పొద్దున పదకొండు కూడా కాలేదు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె సాగుతున్న రోజులవి. బస్సులు డిపోలు దాటడం లేదు. నగరం ఆ కొస నుంచి హైటెక్ సిటీ దాకా ఆ మనిషి ఎన్ని ఆటోలు మారాడో, ఎంత దూరం నడిచాడో.

నడవనీ అనుకున్నాడు నర్సింలు.

నర్సింలుది మెదక్ వైపు పల్లె. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు. ఎం.సి.ఎ.లో చేరేదాకా కంప్యూటర్‌ను ముట్టి ఎరగడు. తీరా చేరాక, నలుగురికి ఒక మిషను. పక్కవాడు కొడుతుంటే మెడ సాచి చూడటమే చదువు.

సాయంత్రమైనా కాస్త చేయి తిప్పుకుందామంటే, ఐదు కొట్టేసరికి హెడ్డు రామబ్రహ్మం సారు స్వయంగా ల్యాబుకు తాళం వేసేవాడు.

ఒక్క గంట తెరిచి ఉంచమని నర్సింలు కాళ్లావేళ్లా పడ్డాడు.

"ఏం చేయను బాబూ, బడ్జెట్ లేదు" అనేవాడు సారు, తాళంచెవి జేబులో వేసుకుంటూ. తల కూడా ఎత్తేవాడు కాదు.

కోనసీమ నుంచి వచ్చినాయనకు మన పిల్లలు పైకి రావడం గిట్టదని హాస్టల్లో అందరూ అన్నారు. నర్సింలు నమ్మాడు. ఆ నమ్మకం కడుపులో నిప్పులా అలాగే ఉండిపోయింది.

అయితే ల్యాబు వెనక కిటికీ గడియ ఎప్పుడూ తీసే ఉండేది. చీకటి పడ్డాక నర్సింలు అందులోంచి లోపలికి దూకేవాడు. దిగే చోట ఎవరో పెట్టి మరిచినట్టు ఒక స్టూలు కూడా ఉండేది. మతిమరుపు ముసలోడని నవ్వుకునేవాడు. అలా దొంగచాటుగా పట్టిన విద్యే ఈ అద్దాల మేడలో కుర్చీ వేసింది, మణికొండలో ఫ్లాటు కొనిపెట్టింది.

లంచ్ అయింది. ఇంకాసేపు ఆగి, అప్పుడు పైకి పిలిపించాడు.

సారు బాగా వంగిపోయాడు. చొక్కా మీద చెమట ఆరి తెల్లటి చారలు కట్టింది. దగ్గరికొచ్చి కళ్లు చికిలించి చూశాడు.

"నర్సింలు కదూ! ఎంతవాడివయ్యావు బాబూ" అని, మరుక్షణం నాలుక్కరుచుకుని, "ఎంతవారయ్యారు" అన్నాడు.

ఆ 'వారు' నర్సింలు చెవికి తియ్యగా తగిలింది.

సారు వచ్చిన పని చెప్పుకున్నాడు. సర్కారు విదిల్చేది జీతాలకే చాలడం లేదట. తను రిటైరైనా ఆ పోస్టు నింపలేదు. పిల్లలున్నారు కదా అని ఊరికే వెళ్లి పాఠం చెప్పి వస్తున్నాడు. ల్యాబులో సగం మిషన్లు చచ్చిపోయాయి. సమ్మె ముగియగానే తనిఖీ వాళ్లు వస్తారు. పనిచేసే కంప్యూటర్లు చూపించకపోతే కోర్సే ఎత్తేస్తారు.

"బండి మేమే తెచ్చుకుంటామండి. మీరు ఊఁ అంటే చాలు."

నర్సింలు కుర్చీలో వెనక్కి వాలాడు. ఇన్నేళ్లూ నోట్లో దాచుకున్న మాటను నిదానంగా బయటికి తీశాడు.

"ఏం చేస్తం సార్. బడ్జెట్ లేదు."

సారుకు అర్థం కాలేదు. "పారేసేవాటికి బడ్జెట్ ఏంటి బాబూ?"

"అయినా ఐదింటికి తాళం పడే గదికి మిషన్లు ఎందుకు సార్?"

సారు తల దించుకున్నాడు.

నర్సింలు అంతటితో ఊరుకోలేదు. వెనక గేటు దగ్గర పొద్దుటి నుంచి పాత మిషన్లు లారీకెత్తుతున్న స్క్రాప్ వాడికి ఆయన వింటుండగానే ఫోన్ చేసి, మొత్తం తీసుకుని ఇప్పుడే పొమ్మన్నాడు.

"సమజైందా సార్, తాళం ముంగట నిలబడ్డోనికి ఎట్లుంటదో?"

సారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"మరి నువ్వు ఈ పని ఎక్కడ నేర్చుకున్నావు బాబూ?"

"మీ ల్యాబులనే. కిటికీ దుంకి. మీకు తెల్వకుండ."

ఆ మాటకు సారు ముఖం ఒక్కసారిగా విప్పారింది.

"మంచిది బాబూ, మంచిది" అంటూ లేచి, గోడ పట్టుకుని నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ నవ్వు నర్సింలుకు మింగుడు పడలేదు. చేతికందిన గెలుపును ఎవరో సగం లాక్కుపోయినట్టయింది.

కుర్చీలో ఉండలేక చాయ్‌కి కిందికి దిగాడు. స్క్రాప్ లారీ అప్పుడే గేటు దాటి మలుపు తిరిగింది.

చాయ్ బండి దగ్గర ఒక ముసలామె సీసాలో నీళ్లు పట్టుకుంటోంది. ల్యాబు ఊడ్చే కిష్టమ్మ. సారుకు చూపు ఆనదని తోడొచ్చిందట. రోడ్డవతల ఆటోలో సారు కూర్చుని ఉన్నాడు.

ఆమె నర్సింలును ఎగాదిగా చూసింది.

"నువ్వు గా కిటికీ పోరనివే గదా? పని కాలే గని, మన కిటికీ పోరడు పెద్దోడయిండు కిష్టమ్మా అని సారు నవ్వుకుంట వచ్చిండు."

నర్సింలు ఆమె దగ్గరికి ఒకడుగు వేశాడు.

"కిటికీ సంగతి ఆయనకెట్ల తెలుసు అవ్వా? తాళం ఏసేదే ఆయన గదా!"

కిష్టమ్మ సీసాకు మూత బిగించింది.

"ఐదింటికి మూయకుంటే కరెంటు పీకేస్తమని పై ఆఫీసోళ్లు అన్నరు బిడ్డా. గందుకే సారు దినాం ఎనక కిటికీ గడియ తీసి, నువ్వు దుంకితే కాలు ఇరుగుతదని కింద స్టూలేసి, అటెన్క తాళం ఏసేటోడు."