గొడ్డలి పేరున్నవాడు

“దాని పేరేమిటే? నోటితో చెప్పు!”

కోడలు బురుల్ గుడారం గుమ్మంలో బిత్తరపోయి నిలబడింది. చేతిలో గొర్రె తుంటి ఎముక ఉంది. కత్తికి లొంగడం లేదని, బయట గుర్రానికి జీను వేస్తున్న మొగుణ్ణి పిలిచి “ఏవండీ, ఆ కట్టెలు కొట్టేది ఇలా ఇవ్వండి” అంది. అంతే, అత్తగారు ఉర్కుయా గుర్రప్పాల తిత్తి చిలకడం ఆపేసి లేచొచ్చింది.

“విన్నావురా ఎసెన్? నీ పెళ్లానికి గొడ్డలి అనడానికి నోరు రావడం లేదు!”

“ఏమంటే ఏముందమ్మా? ముందు కూర కానివ్వండి. ఆకలేస్తోంది” అన్నాడు ఎసెన్.

మా కిర్గిజుల్లో గొడ్డలిని బల్తా అంటారు. ఏటి అవతల గుర్రాలు మేపుకునే ఆయన పేరు కూడా బల్తాయే. కోడలనేది మొగుడి పేరు, అత్తింటి పెద్ద మగవాళ్ల పేర్లు పలకకూడదు. ఆ పేరుతో వస్తువుంటే దాన్నీ ఇంకో మాటతో చెప్పుకోవాలి. ఎసెన్ పెదనాన్న పేరుకి చెలమ అని అర్థం. అందుకే బురుల్ చెలమని ‘నీళ్లూరేది’ అనేది, ఉర్కుయా కూడా అది విని మురిసిపోయేది. గొడ్డలి దగ్గరే వచ్చింది తంటా.

“బల్తా మనకేమవుతాడురా? చుట్టమా, పక్కమా? ఆడది మొగుడి పేరు దాచుకుంటుంది, మొగుడి తరఫువాళ్ల పేర్లు దాచుకుంటుంది. వాడి పేరెందుకు దాచుకుంటోందో అడుగు!”

ఎసెన్ నవ్వేశాడు. “ఊరుకో అమ్మా. నాన్న బతికుంటే ఆయన ఈడే ఉండును.”

“ఈడుదేముంది? పెళ్లాం పోయినవాడు. మీసం ఇంకా నల్లగానే ఉంది.”

“మన వంశంలో పాతవాళ్లెవరికైనా ఆ పేరుందేమోలే.”

“ఎవరికుంటుందిరా ఆ పేరు? ఈ కొండల్లో వాడొక్కడికే. వాళ్లమ్మకి పిల్లలు పుట్టినవాళ్లు పుట్టినట్టే పోతుంటే, వీడు పుట్టగానే గడప మీద పడుకోబెట్టి గొడ్డలితో బొడ్డు కోశారు. చావు జడుసుకుని పోవాలని ఆ పేరే పెట్టారు. పాపం, బొడ్డు పక్కన అప్పటి గాటు ఇంకా ఉంది.”

బురుల్ తలెత్తి అత్త వంక చూసి, మళ్లీ దించుకుంది.

అనుమానం పెనుభూతం అన్నారు. అది కొడుకునీ పట్టింది. అతని మొహంలో నవ్వు పోయింది.

“మొన్న ఆయనొచ్చినప్పుడు నడుం వంచి దణ్ణం పెట్టావు. టీ గిన్నె రెండు చేతులతో అందించావు. ఏమిటంత మర్యాద?”

బురుల్ చేతిలో ఎముక పక్కన పెట్టేసింది.

“ఎప్పట్నుంచే ఈ బాగోతం?” ఉర్కుయా గద్దించింది.

“బాగోతమేం లేదత్తయ్యా. చలికాలం మీకు జ్వరమొచ్చినప్పట్నుంచే... ఆ పేరు పలకడం మానేశాను.”

“చూశావట్రా! నేను ఒళ్లు తెలియకుండా పడుంటే, మహాతల్లి రాత్రింబవళ్లు పక్కనే కూచుని సేవ చేస్తోందని ఊరంతా చెప్పుకున్నాను. ఇదా సేవ!”

“నేనే తప్పూ చెయ్యలేదండీ” అంది బురుల్ మొగుడితో.

“అయితే ఎందుకు మానేశావో చెప్పు.”

“అది మాత్రం అడక్కండి.”

ఎసెన్ విసురుగా లోపలికొచ్చాడు. పెట్టె మీదున్న ఆమె దుప్పటి తీసి, బట్టలు అందులో పడేసి మూట కట్టసాగాడు. బురుల్ వెళ్లి అతని చెయ్యి పట్టుకుంది. విదిలించుకున్నాడు. ఆ పిల్లకి అతనంటే ప్రాణం. వెక్కి వెక్కి ఏడ్చింది.

“ఏడుపులొద్దు” అంది ఉర్కుయా. “నా కొడుకు ముందు ‘బల్తా’ అని ఒక్కసారి పలుకు. ఇక్కడే ఉందువుగాని. లేదంటే గుర్రం ఎక్కు. మీ పుట్టింట్లో దింపేసొస్తాడు.”

బురుల్ నోరు తెరిచింది. మళ్లీ మూసేసి తల అడ్డంగా ఊపింది.

“పలకలేనత్తయ్యా. తప్పవుతుంది.”

“ఇన్నాళ్లూ చేసింది తప్పు కాదు గాని, ఇదొచ్చిందా తప్పు!”

ఎసెన్ మూట భుజానికెత్తుకుని గుమ్మం దాటాడు. బయట గుర్రం సకిలించింది. బురుల్ కళ్లు తుడుచుకుని అత్త దగ్గరికొచ్చింది.

“అత్తయ్యా, వెళ్లేముందు మీ చెవిలో ఒక్క మాట చెప్పనివ్వండి.”

“చెవిలో ఎందుకు? నా ఇంట్లో గుసగుసలేమిటి? వాడికి వినపడేలా గట్టిగా చెప్పు!”

“వద్దత్తయ్యా. ఆయన వినకూడదు. మీ మేలుకే చెబుతున్నాను.”

ఆమె వంగి అత్త చెవి దగ్గర నోరు పెట్టింది.

“జ్వరం కలవరింతల్లో మీరే అంతా చెప్పేశారు. సొంత మామగారి పేరు కోడలెలా పలుకుతుంది అత్తయ్యా?”