ఒక్క చెయ్యి

భూతద్దం చేతికి వస్తే ప్రిమ్ అందులోకి చూడనైనా చూడకుండా పక్కాయనకి అందించేశాడు.

వేదిక మీంచి డోరీన్ అది చూసింది. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

పౌండు వదిలేసి యూరో తెచ్చుకుందామా వద్దా అని ఇంగ్లండు దేశమంతా కొట్టుకుంటున్న రోజులవి. సాల్ట్‌బీ ఊరి హాలులో ఆ సాయంత్రం సభ పెట్టింది డోరీనే. రిటైరైన టీచరు. ముక్కు మీద కోపం, మనసు మాత్రం వెన్న. "మా ఊళ్ళో ఒక్క చెయ్యి కూడా యూరోకి లేవదు, రాసుకోండి" అని జిల్లా పేపరు వాళ్ళకి ముందే మాటిచ్చేసింది.

అందుకే ఒక పది పౌండ్ల నోటూ, భూతద్దమూ వరసల వెంట తిప్పుతోంది.

"నోటు మీద రాణిగారి జుట్టు చూడండి. ఆ కళ్ళు చూడండి. తొందరేం లేదు, నిదానంగా చూడండి."

చూసినవాళ్ళు చూసినట్టే ఉండిపోయారు. రోజూ చేతులు మారే నోటే. ఇన్నేళ్ళుగా ఎవరూ దాన్ని సరిగ్గా చూడనే లేదు. దగ్గరగా పెడితే సన్నటి గీతలూ చుక్కలూ, అంతే. అద్దం కాస్త వెనక్కి జరిపితే ఆ గీతల్లోంచే ఒక మనిషి ఊపిరి తీసుకుంటూ మనవైపే చూస్తోంది.

మాంసం కొట్టు గిల్బీ ఎవరికీ లొంగే రకం కాదు. అతను కూడా టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మనుషులు చేసే పనేనా ఇది?" అన్నాడు మెల్లగా.

అలాంటిదాన్ని కన్నెత్తైనా చూడలేదు ఈ ప్రిమ్.

భార్య పోయాక ఒంటరిగా ఆ ఊరు చేరిన పెద్దాయన. నోట్లో నాలుక లేని మనిషి. పచ్చిక మీద బంతులు దొర్లించి ఆడే ఊరి క్లబ్బులో చేర్చుకోమని డోరీన్‌ని అడిగి ఉన్నాడు. అందులో చేరినవాడే ఊరివాడు. ఎన్నేళ్ళున్నా మిగతావాళ్ళంతా పరాయివాళ్ళే. ఆ క్లబ్బు కార్యదర్శి కూడా డోరీనే.

ఇదివరకు మీరేం పని చేసేవారు అని అడగడం ఆ ఊళ్ళో మర్యాద కాదు. అడక్కుండా తేల్చేసుకోవడం మాత్రం మర్యాదే. ఏదో ఆఫీసులో గుమాస్తా అయ్యుంటాడని అందరూ తేల్చేసుకున్నారు.

"పౌండే ఉండాలనేవాళ్ళు?" అంది డోరీన్.

హాలంతా చేతులే.

"యూరో కావాలనేవాళ్ళు?"

పానకంలో పుడకలా ఒక్క చెయ్యి లేచింది. ప్రిమ్‌ది.

"ప్రిమ్ గారూ, నా ప్రశ్న సరిగ్గా వినపడలేదేమో."

"వినపడిందండీ."

"నిన్న గాక మొన్న వచ్చావు, అప్పుడే ఊరి పరువు తీస్తావేంటి పెద్దాయనా?" అన్నాడు గిల్బీ.

"ఎందుకో చెబుతారా?" అంది డోరీన్.

ప్రిమ్ లేచి నిలబడ్డాడు.

"మా అన్నయ్య యుద్ధంలో పోయాడండీ. ఫ్రాన్సులోనే పూడ్చారు. చూడ్డానికి వెళ్తే, కాస్త దూరంలోనే అవతలివైపు కుర్రాళ్ళ సమాధులు. వాళ్ళదీ మావాడి వయసే. ఒకే డబ్బుతో రొట్టె కొనుక్కునేవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు కాల్చుకోవడం కష్టమని నా నమ్మకం."

గిల్బీ తల దించుకున్నాడు. డోరీన్ మాత్రం పట్టు వదల్లేదు.

"మరి ఈ ముఖం? ఇది ఇక ఉండదంటే మీకేమీ అనిపించదా?"

ఆయన ఎత్తిన చేతి వంక ఒకసారి చూసుకున్నాడు.

"బాగుంటుందండీ. కానీ బొమ్మే కదా."

"అవున్లెండి. పోతే మీ సొమ్మేం పోయింది."

ప్రిమ్ చిన్నగా నవ్వాడు. ఆ చెయ్యి మాత్రం పేపరతను రాసుకునేదాకా దించలేదు.

క్లబ్బులో ఈ ఏడాదికి ఖాళీ లేదని ఆ వారమే డోరీన్ ఆయనకి చెప్పింది. మర్యాదగానే చెప్పింది. ఆయనా మర్యాదగానే "పర్లేదండీ" అన్నాడు.

ఎండాకాలమంతా కంచె అవతల నిలబడి ఆట చూశాడు. ఎవరి బంతి బాగా పడినా చప్పట్లు కొట్టేవాడు. అది చూస్తే డోరీన్‌కి మనసు చివుక్కుమనేది. వచ్చే ఏడాది చేర్చుకుందాంలే అనుకుంది.

చలికాలంలోనే ఆయన పోయాడు.

అయినవాళ్ళెవరూ ఉండరేమో పాపం అని డోరీన్ అంత్యక్రియలకి చర్చికి వెళ్ళింది. చూస్తే కూర్చోడానికి చోటు లేదు. అంతా ముక్కూమొహం తెలియని ముసలాళ్ళు, నల్ల కోట్లలో. కొందరు కళ్ళు తుడుచుకుంటున్నారు.

తర్వాత టీ దగ్గర వాళ్ళలో ఒకాయన్ని పలకరించింది.

"మీరంతా ఆయనకి ఏమవుతారండీ?"

"కలిసి పనిచేశామమ్మా. నోట్లు అచ్చేసే చోట. బయట చెప్పకూడదని కట్టుబాటు. మనిషే పోయాక ఇంకేం కట్టుబాటులెండి."

డోరీన్ కప్పు కింద పెట్టింది.

"అక్కడ పనిచేశారా? మరి మా సభలో ఆ నోటే వద్దని చెయ్యెత్తారు. ఊరంతటికీ ఆయనొక్కరే."

"తెలుసమ్మా. మాతో చెప్పాడు. మాలో ఎవరికీ అంత గుండె లేదు."

"అంత గుండె ఎందుకండీ? గుమాస్తానేగా ఆయన?"

ఆ ముసలాయన ఆమె వంక వింతగా చూశాడు.

"గుమాస్తా ఏంటమ్మా, ఆ నోటు మీది రాణిగారి ముఖాన్ని ఉక్కు పలక మీద గీత గీతగా చెక్కింది మా ప్రిమ్మే."