జాజు మరక

"ఎవరు పూశారిది?"

ప్రమోద గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. పెనుకొండ కోర్టు ఆవరణలో నిలిపిన తన తెల్ల కారుకు వెనకవైపు, నెంబరు ప్లేటుకు కాస్త పైన, మూడు వేళ్లతో అడ్డంగా ఈడ్చినట్టు ఎర్రటి జాజు మరక. జూనియర్ లాయరు నరేష్ గొంతుక్కూర్చుని దాన్ని రుమాలుతో రుద్దుతున్నాడు. అతని వేళ్లకూ ఎరుపు అంటుకుంది.

"ఎవురో ఆకతాయోళ్లు మేడమ్. ఎంత తుడిచినా పోవడం లేదు. పోనీలేండి, టైమైపోతాంది. కోర్టు పంపిన కమిషనర్ సారు సాయంత్రానికి ఫ్యాక్టరీ కాడికి వచ్చేస్తాడు. ఆయనదీ ఇట్లాంటి తెల్ల కారే, ఇదే రోడ్డులో వస్తాడంట. ఆయనకంటే ముందే మీరు పోయి గంగప్పను ఎక్కించుకోండి."

"నువ్వు రావా?"

"ఫైలు జిరాక్స్ తీయించుకోని బైకులో వెనకే వచ్చేస్తా మేడమ్."

ప్రమోద తల ఊపి కారెక్కింది. నిప్పులు చెరిగే ఎండ కాసే ఈ సీమలో పాత టైర్లు కాల్చి బాయిలరు నడపడమేమిటి, సోలారుకు మారండి అని ఆ ఫ్యాక్టరీ మీద ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసింది ఆమే. టైర్లన్న మాటే అబద్ధమని యాజమాన్యం హైకోర్టులో ప్రమాణపత్రం ఇచ్చింది. కాల్చిన బూడిద ఎక్కడ పూడ్చారో కళ్లారా చూసినవాడు గొర్రెల గంగప్ప ఒక్కడే. ఈ సాయంత్రం అతను కమిషనర్‌కు ఆ గుంత చూపిస్తే కేసు నిలుస్తుంది. లేకపోతే ఆ పొగ గొట్టానికి ఇక అడ్డే ఉండదు.

బెదిరింపు ఫోన్లు మొదలైన నాటి నుంచి తోటి లాయర్లు తలా ఒక సాకు చెప్పి తప్పుకున్నారు. నరేష్ ఒక్కడే కదలలేదు. ఆ ఒక్కడు చాలనుకుంది ప్రమోద.

హైవే దిగి ఊరి దారికి మళ్లేచోట ఒక లారీ ఆగి ఉంది. నెంబరు కనిపించకుండా ప్లేటు నిండా బురద. వాన పడి నెలలైన నేలలో అంత బురద ఎక్కడిదో! టైరుకు ఆనుకుని బీడీ తాగుతున్న మనిషి, ఎదురొస్తున్న కారును పట్టించుకోనే లేదు. దాటి వెళ్లాక ప్రమోద అద్దంలో చూసింది. వాడు లేచి నిలబడి, కారు వెనక భాగాన్నే చూస్తూ ఫోను చెవికి పెట్టుకుంటున్నాడు.

ఊళ్లో కొళాయి దగ్గరున్న ఆడవాళ్లు కారును చూడగానే సగం నిండిన బిందెలే ఎత్తుకుని ఇళ్లలోకి వెళ్లిపోయారు. మొన్నటిదాకా పిలిచి మజ్జిగ ఇచ్చిన వాళ్లే. గంగప్ప ఇంటి తలుపు మాత్రం తెరిచి ఉంది. దొడ్లో అతని తల్లి హనుమమ్మ గొర్రెపిల్లలకు ఆకు వేస్తోంది.

ఉతికిన పంచె కట్టుకుని, భుజాన తువ్వాలు వేసుకుని గంగప్ప ఉత్సాహంగా బయటికొచ్చాడు. కారు వెనకగా తిరిగి రాబోయి టక్కున ఆగిపోయాడు.

"ఎవురు పూసిరమ్మా దీన్ని?"

"ఎవరో ఆకతాయిలట గంగప్పా."

"ఆకతాయిల పని కాదిది. బేరమైపోయిన గొర్రెకు మేము తుంటి మీద ఇట్లే మూడు వేళ్లతో ఈడుస్తాం. మందలో అన్నీ ఒకే తీరుగుంటాయి గదా. లారీ వచ్చినప్పుడు యాదాన్ని ఎక్కించల్లో తెలియాల."

ప్రమోద మరక వైపు వంగింది. "కొన్నవాళ్లు వచ్చి పూసిపోతారా?"

"కొన్నోడు మందలోకే రాడు తల్లీ," అంది హనుమమ్మ, ఆకు పక్కన పెట్టి. "ఇంటోడే పూస్తాడు. మచ్చికైన చెయ్యయితేనే గొర్రె బెదరకుండా నిలబడుకుంటాది."

ప్రమోద చూపు తనకు తెలియకుండానే గంగప్ప చేతుల మీదికి పోయింది. అతను గమనించాడు. రెండు అరచేతులూ ఆమె ముందు చాపాడు. కాయలు కాసిన చేతులు, గోళ్లలో మట్టి, ఎరుపు జాడ ఎక్కడా లేదు. సిగ్గుతో ప్రమోద కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తప్పయింది గంగప్పా. భయంతో ఏం చూస్తున్నానో నాకే తెలియలేదు."

"నీ తప్పేం లేదులేమ్మా. ముందు దాన్ని కడిగేద్దాం."

"ఎంత తుడిచినా పోవడం లేదట."

"జాజు పోకపోవడమేంది?" హనుమమ్మ తొట్టిలోంచి చెంబుడు నీళ్లు ముంచి కారు మీద పోసింది. మరక మొత్తం ఎర్రటి ధారగా జారి మట్టిలో ఇంకిపోయింది. కారు తెల్లగా మెరిసింది. "సూడు, ఒక్క చెంబుకే పాయె."

ప్రమోద ఆ ఎర్రటి మట్టిని చూస్తూ అలాగే నిలబడిపోయింది.

సంచిలో ఫోను మోగింది.

"గంగప్ప ఎక్కినాడా మేడమ్?" నరేష్ గొంతులో ఎప్పటి వినయమే. "కమిషనర్ సారు కారు కూడా పెనుకొండ దాటిందంట. అవునుగానీ మేడమ్... ఆ మరక మీరేం కడగలేదు గదా?"