పదో నంబరు స్పానర్

"ఆగు."

కేక కాదు, గద్దింపూ కాదు. అయినా అక్క కాలు క్లచ్ మీదే ఆగిపోయింది.

కారు వెనక చక్రం ఒకటి జాకీ మీద గాల్లో ఉంది. ముందు వైపు, గోడకూ బంపర్‌కూ మధ్య నిలబడి, గేరు వెయ్యమని చెయ్యి ఊపుతున్నాడు తమ్ముడు. షెడ్డు వాడిది, కారు అక్కది.

ఆగమన్నది మూల స్టూలు మీద కూర్చున్న పెద్దావిడ. కూరగాయల ట్రాలీ చక్రం కీచుమంటోంది, కాస్త గ్రీజు పెట్టమని వచ్చి అరగంటైంది.

"మామ్మగారూ, మీ ట్రాలీ తర్వాత చూస్తానన్నానుగా," అన్నాడు వాడు.

"ట్రాలీ సంగతి కాదు బాబూ. రెండో చక్రం నేల మీదుంది, చూసుకున్నావా? పాత డిఫరెన్షియల్ అయితే గాల్లో ఉన్నదొక్కటే తిరిగేది. ఇప్పుడు నువ్వు బిగించింది రెండిటినీ కలిపి తిప్పుతుంది. కారు జాకీ మీంచి దూకి నీ మీదికే వస్తుంది."

తమ్ముడు గోడను చూశాడు. బంపర్‌ను చూశాడు. మెల్లగా పక్కకు జరిగాడు.

"తెలుసులెండి."

"తెలిసే అక్కడ నిలబడ్డావా?" అంది అక్క.

మర్నాడే కొండ రేసు. తొమ్మిది మలుపులు, ఒక్కో కారూ విడిగా గడియారంతో పోటీ పడి ఎక్కాలి. మూడేళ్ళుగా అక్కే గెలుస్తోంది గానీ, రికార్డు మాత్రం అర సెకను తేడాతో చేజారిపోతోంది. అంతా ఏడో మలుపు చలవే. అక్కడ లోపలి చక్రం తేలికై, ఇంజను బలమంతా దానికే పోయి, ఉన్నచోటే గిర్రున తిరిగి పొగ కక్కుతుంది. రెండోది పెళ్ళికొచ్చిన చుట్టంలా చూస్తూ ఉంటుంది.

అందుకే ఈసారి, వెనక చక్రాలకు బలం పంచే పాత డిఫరెన్షియల్ తీసేసి, లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ బిగించారు. ఒక చక్రం జారినా, రెండోదానికీ బలం అందుతుంది.

ఈ ఏడూ రికార్డు రాకపోతే కారు అమ్మేస్తానని అక్క బావకు మాటిచ్చింది. బావ సోమవారానికి కొనేవాణ్ణి కూడా పిలిచి పెట్టుకున్నాడు.

ఆ రికార్డుకు ముప్పై ఒక్క ఏళ్ళు. కొండ మీద చిన్న ఇనప పలక, దాని మీద కారు నంబరు ఇరవై మూడు, ఎక్కడానికి పట్టిన సమయం. అంతే. ఆ క్లబ్బువాళ్ళు డ్రైవర్ల పేర్లు చెక్కరు. రికార్డు పోయిన రోజున మాత్రం, అది ఎవరిదో వాళ్ళే వచ్చి, తమ చేత్తో పలక విప్పి కొత్తవాళ్ళకు అప్పగించాలి. తమ్ముడు పుట్టాక ఆ అవసరమే రాలేదు. ఇరవై మూడో నంబరు మనిషిని వాడు చిన్నప్పట్నుంచీ ఊహించుకుంటూనే ఉన్నాడు: ఆరడుగుల ఎత్తు, తోలు కోటు, గుబురు మీసం.

రెండు చక్రాలూ పైకెత్తి తిప్పి చూశారు. బాగానే ఉంది. ఇక కారును రేసుకు తీసుకెళ్ళే లారీ ఎక్కిద్దామన్నాడు తమ్ముడు.

"అలాగే కొండెక్కిస్తారా?" మళ్ళీ మామ్మగారే. "కొత్త డిఫరెన్షియల్ లోపలి ప్లేట్లు కొత్త తోడికోడళ్ళ లాంటివి. మొదటి రోజే బండచాకిరీ చెబితే కొట్టుకు చస్తాయి. ఖాళీ జాగాలో మెల్లగా ఎనిమిది అంకె వేస్తూ తిప్పు అమ్మాయ్. పాతిక సార్లు. తర్వాత నూనె మార్చు."

ట్రాలీ తోసేవాళ్ళంతా పాఠాలు చెప్పేవాళ్ళేనని తమ్ముడు గొణిగాడు. అక్క వినిపించుకోలేదు. షెడ్డు వెనక కారు తిప్పింది. మొదట కటకటమని మూలిగింది కారు. పదిహేనో చుట్టుకు సణుగుడులోకి దిగింది. పాతికకు నోరు మూసుకుంది.

కళ్ళు మూసుకుని వింటున్న మామ్మగారు నవ్వింది.

"ఏడో మలుపులో ఆత్రపడకు. ముక్కు తిన్నగా రోడ్డును చూసేదాకా ఓపిక పట్టు. ఆ తర్వాత మొత్తం తొక్కెయ్."

ఆవిణ్ణి ఎలాగైనా సాగనంపాలని తమ్ముడు గబగబా ట్రాలీకి గ్రీజు పూశాడు. ఆవిడ కదల్లేదు.

"పదో నంబరు స్పానర్ ఒకటి ఇస్తావా బాబూ? పాత బోల్టులు రెండు విప్పాలి. రేపు సాయంత్రానికి తిరిగిచ్చేస్తాను."

ఏ షెడ్డులోనైనా ముందు మాయమయ్యేది పదో నంబరే. ఇవ్వనని వాడు అనబోతుండగానే అక్క తీసి ఆవిడ చేతిలో పెట్టేసింది.

ఆదివారం, సరిగ్గా రేసుకు ముందు, బ్యాటరీ క్లాంపు వదులైంది. దానికి కావలసింది సరిగ్గా పదో నంబరే. తమ్ముడు కటింగ్ ప్లయరుతో తిప్పలు పడుతూ మామ్మగారి ఏడు తరాలనూ తలుచుకున్నాడు.

జెండా ఊగింది. కారు వెళ్ళిపోయింది.

వాడు కళ్ళు మూసుకుని చెవులు రిక్కించాడు. అయిదు. ఆరు. ఏడో మలుపులో ఇంజను గొంతు ఒక్క క్షణం తగ్గింది. ఓపిక పడుతోంది. మరుక్షణం కొండంతా గర్జించింది. చక్రం జారిన చప్పుడు లేదు, పొగ లేదు.

ఒక సెకనూ, మరో రెండు పదో వంతుల తేడాతో రికార్డు బద్దలైంది.

బావ అందరికన్నా ముందు గంతులేశాడు. సోమవారం వస్తానన్నవాడికి అక్కడినుంచే ఫోను చేసి, కారు అమ్మేది లేదు, కావాలంటే నా స్కూటరు తీసుకోమన్నాడు. తమ్ముడు కొండ పైకి పరుగెత్తి అక్కను ఎత్తి గిరగిరా తిప్పాడు.

అప్పుడే మైకులో పిలుపు వినిపించింది. ఇరవై మూడో నంబరు కారు డ్రైవరుగారు ఆనవాయితీ ప్రకారం పలక దగ్గరకు రావాలట.

తమ్ముడు మునివేళ్ళ మీద లేచి, గుబురు మీసం కోసం జనంలో అంతటా వెతికాడు.

జనం పక్కకు తప్పుకున్నారు. ఎక్కడా కీచుమనకుండా కూరగాయల ట్రాలీని తోసుకుంటూ వచ్చి, సంచిలోంచి పదో నంబరు స్పానర్ తీసి, తన పలక మొదటి బోల్టు విప్పడం మొదలుపెట్టింది మామ్మగారు.