పడుగు లేని వాన

కుద్రేముఖ్ నేషనల్ పార్కులో కొండ మలుపు దగ్గర జీపు ఆగగానే వాన అందుకుంది. కునుకు తీస్తున్న ఓబులమ్మ ఉలిక్కిపడి లేచింది.

“పడుగు తడుస్తాది! చుట్టండప్పా, చుట్టండి!”

జీపులో అందరూ గొల్లుమన్నారు.

“అమ్మా, మన మగ్గం ధర్మవరంలో ఉండాది. ఈడ తడిసేటివి కొండలే,” అంది కూతురు యశోద. “వానలో తడిసేకే గదా ఇంత దూరమొచ్చింది. దిగు.”

“నాకొద్దులేమ్మా,” అంటూ ఓబులమ్మ భర్త వైపు చూసింది.

కుళ్లాయప్ప నవ్వడం ఆపేశాడు. యశోద చంటిపిల్లగా ఉన్నప్పుడు ఒకనాడు, చీర కోసం వీధిలో సాగదీసిన పట్టుదారాల పడుగు మీద వాన పడింది. బిడ్డకు పాలిస్తున్న ఓబులమ్మ దాన్ని చుట్టడానికి రావడం ఆలస్యమైంది. నలుగురూ చూస్తుండగా అతను ఆమె చెంప పగలగొట్టాడు. ఆ తర్వాత ఏ వానకూ ఆమె ఆలస్యం చేయలేదు.

“దిగు మే,” అన్నాడు మెల్లగా. “ఈడ మనకు పడుగు లేదు.”

“ఏమీ అనవు గదా?”

“అననులే.”

ఓబులమ్మ దిగి, వానకు ముఖమెత్తి నిలబడింది. గొడుగు జీపులోనే వదిలేసి కుళ్లాయప్ప ఆమె దగ్గరికి వెళ్లాడు. ఆమె ముఖానికి అతుక్కున్న వెంట్రుకలు తీద్దామని చెయ్యెత్తాడు.

ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది.

ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

కాసేపటికి కళ్లు తెరిచిన ఓబులమ్మ అతని ముఖం చూసింది. ఆ చేతిని తానే అందుకుని, తడిసిన చెంపకు ఆనించుకుంది.

“ఎంత చల్లగా ఉండాదో చూడు, యశోద నాయనా,” అంది.